రెండు గుడ్లు

పొమేరియన్ అన్నాడు ధీరజ్.
కాదు, పగ్గు అంది చిన్నపైడి.
మొదటిది దూదిమూటలా ఉంటాదట,
రెండోది మొహమంతా ముడతలతో
మా డిపో మేనేజర్‌లా ఉంటాదట.
పార్వతీపురం సర్వీసు దిగి వచ్చానంతే,
టిక్కెట్ మిషను నొక్కీ నొక్కీ బొటనవేలు తిమ్మిరి.
కాళ్లు కడుక్కోనివ్వండర్రా అన్నాను.

నెల్నాళ్లుగా ఇదే గోల.
దాసన్నపేటలో మేడమీద మావి రెండే గదులు,
మెట్లు పద్దెనిమిది, పిట్టగోడ మోకాలెత్తు.
ఇంటాయన జూట్‌మిల్లు నుంచి
జుట్టునిండా గోనెపీచుతో వస్తాడు.
ఇంక కుక్కబొచ్చొకటి తక్కువ మనకి అంటాడు,
అంటూనే ఫోను నావైపు తిప్పి
డాషండ్ అంటే ఇదేనేటే, బెండకాయలా ఉందీ? అంటాడు.
మెట్లెక్కితే దానికి నడుం పడిపోద్దని
డ్రైవర్ సింహాద్రి చెప్పాడు.
పగ్గుకి మన ఎండలు పడవనీ
ఫ్యాను కింద కూడా రొప్పుతాదనీ చెప్పాడు.
ఆయనింట్లో ఉన్నది పిల్లి.

ఆదివారం నలుగురం పశువుల ఆసుపత్రికెళ్లాం.
డాక్టరమ్మ గేదెకి పురుడు పోసి
మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంటోంది.
పిల్లలున్న ఇంటికి ఏ జాతిది మంచిదమ్మా? అన్నాను.
ఏ జాతి పిల్లలు? అంది.
నాకు మాట పడిపోయింది.
ఆ ప్రశ్న మనవైపు ఇంకోలా వినబడతాది.
ఆవిడ నవ్వింది:
ఎత్తి పడేసే జాతా, తోక లాగే జాతా,
నిద్దరోతున్నదాన్ని లేపే జాతా?

అక్కడే బల్లమీది సంచిలోంచి
రెండు నాటుగుడ్లు తీసి చెరొకటి ఇచ్చింది.
వచ్చే ఆదివారం దాకా పెంచుకోండి.
చిన్నకుక్క కాలెముక
ఈ పెంకుకన్నా మరీ గట్టిదేం కాదు.

మంగళవారం సాయంత్రం
ధీరజ్ నిక్కరు తనే ఉతుక్కున్నాడు.
నేనేం అడగలేదు.
రాత్రి చూస్తే పదకొండో మెట్టుమీద
ఒంటరిగా కూర్చుని ఉన్నాడు గుంటడు.

చిన్నపైడి గుడ్డు మాత్రం
బియ్యండబ్బాలో మెడలోతు పాతి
మూత పెట్టేసింది, అంతే.
ఆదివారం పొద్దున్న తీసి
బియ్యప్పిండి తుడిచి
ఊరేగింపుగా పట్టుకొచ్చింది.

నేనే కదా గెలిచాను?
డాక్టరమ్మ గుడ్డుని వెలుతురుకి పెట్టి చూసింది.
వారంలో దీన్ని ఎన్నిసార్లు పలకరించావే?
గుంట గుడ్డువైపు చూసింది,
అది చెబుతాదేమోనని.
నీదెలా పోయిందిరా?
ఆవు తరిమింది. పరిగెత్తాను. వదల్లేదు డాక్టరుగారూ,
గట్టిగా పట్టుకున్నాను.
అదే, అందామె, ఆ గట్టిగా పట్టుకోవడమే.

ఏ జాతి పేరూ చెప్పలేదు.
వానలు పడ్డాక రమ్మంది.

తిరుగుదారిలో మూడులాంతర్ల దగ్గర ఆటో ఆగింది.
నా ఒళ్లో ఒకరు, ఆయన ఒళ్లో ఒకరు.
ధీరజ్‌గాడు పుట్టినప్పుడు
నేనింకా ఉద్యోగంలో చేరలేదు,
దోమ వాలితే ఉలిక్కిపడేదాన్ని,
చంక దించితే ఒట్టు.
చిన్నపైడిని మూడోనెలలోనే
గజపతినగరంలో మా అమ్మ దగ్గర దించేసి
మూడేళ్లు
మా బస్సు ఆ ఊరి స్టాండులో ఆగిన ఐదు నిమిషాల్లో
కిటికీలోంచి చూసుకున్నాను.
భద్రంగానే ఉంది. గీత కూడా పడలేదు.

ఎవరికీ చెప్పలేదు ఈ మాట.
ఆటోవాడికి చిల్లర లెక్కపెట్టి ఇచ్చాను.

ఆ రాత్రి వంటగదిలో చప్పుడైతే లేచాను.
చిన్నపైడి బియ్యండబ్బా మూత తీసి
లోపల ఏమీ లేకపోయినా
కాసేపు వంగి చూసి, మూత పెట్టకుండానే
వెళ్లి పడుకుంది.
బయట డాబామీద ఇంటాయన
టార్చి నోట కరుచుకుని
పిట్టగోడ జానలతో కొలుస్తున్నాడు.
నాలుగు వరసలు ఇటుకేటి, సరిపోతాదా? అన్నాడు,
టార్చి తీసి.
ఐదెయ్యండి అన్నాను.